తగడూరు వాకిలి నుంచి తోట గొళ్ళెం దాకా
ధర్మపురి ప్రాంతంలో కంచె, గేటు, గడియల చరిత్ర

ఒకనాడు తరగతిలో మేము ఒక చిన్న ప్రశ్న వేశాం. తోటకు కంచె ఉంది, కంచెకు గేటు ఉంది, ఆ గేటు తెరుచుకోకుండా పెట్టేదాన్ని మీ ఇంట్లో ఏమంటారు? ధర్మపురి, పాలక్కోడు, కృష్ణగిరి, హోసూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు, అందరూ తెలుగు ఇళ్ళవారే. ఒకరు 'తాప్పా' అన్నారు, ఒకరు 'కొండి' అన్నారు, మిగిలినవారు 'లాక్' అన్నారు. ఇంటికి వెళ్ళి అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి రమ్మన్నాం. మరుసటి వారం వాళ్ళు తెచ్చిన మాటలు ఇవి: గడియ, గొళ్ళెం, చిలుకు, అడ్డగడ, కొక్కెం, తడిక, దడి, కంప. ఒక్క వారంలో మూడు మాటలు పదకొండయ్యాయి.

ఈ వ్యాసం ఆ పదకొండు మాటల నుంచి పుట్టింది. ధర్మపురి గడ్డ మీద మనుషులు తమ పంటకూ పశువుకూ అడ్డు ఎలా కట్టుకున్నారు, ఆ అడ్డులో దారి ఎలా వదిలారు, ఆ దారిని ఎలా మూశారు అన్నది మా పరిశీలన. రాజుల చరిత్రలో కోట తలుపులకు చోటుంది గాని తోట తలుపులకు లేదు. కాని రైతు బతుకులో ప్రతిరోజూ తెరిచి మూసేది తోట తలుపే. చివర, తోట గేటుకు ఏ గొళ్ళెం తగినదో కూడా మాకు తెలిసినంతలో చెప్పాం. చరిత్ర చదివినవాడికి చేతిపని కూడా కొంత తెలియాలన్నది మా నమ్మకం.

1. మూయని వాకిలి

ధర్మపురి పాత పేరు తగడూరు. సంగకాలంలో ఇది అదియమాన్ నెడుమాన్ అంజి రాజధాని. నేటికీ పట్టణానికి దగ్గరలో అదియమాన్‌కోట్టై ఉంది. ఆయన ఆదరించిన కవయిత్రి అవ్వైయార్. పురనానూరులో 206వ పద్యం ఆమె ఆ రాజు వాకిలి కావలివాణ్ణి ఉద్దేశించి చెప్పినది. రాజు కానుక ఇవ్వడంలో ఆలస్యం చేస్తే ఆమెకు కోపం వచ్చింది. రాజుతో చెప్పవలసిన మాట కావలివాడితో చెప్పింది. కానుక కోరి వచ్చేవారికి ఆ వాకిలి మూసి ఉండదని అతడికి గుర్తుచేస్తూనే తన దారి తాను చూసుకోగలనన్నది. ఈ ఊరి గురించి మనకు దొరికే అతి పాత సాహిత్యంలోనే ఒక వాకిలీ, దాన్ని తెరవడం మూయడం అనే చర్చా ఉండడం గమనార్హం.

కవిత్వం నుంచి రాతికి వస్తే వేరే చిత్రం కనిపిస్తుంది. ధర్మపురి, కృష్ణగిరి, చెంగం ప్రాంతాలు వీరగల్లులకు పేరు పొందినవి. వీటిలో చాలావరకు ఆలమందల కోసం జరిగిన పోరులో చనిపోయినవారి జ్ఞాపకార్థం నిలిపినవి. మందను తోలుకుపోవడం, తోలుకుపోయిన మందను మళ్ళించడం ఆనాటి యుద్ధానికి తొలి అంకం. చెంగం దగ్గర ఎడుత్తనూరులో 7వ శతాబ్దం నాటి పల్లవుల కాలపు వీరగల్లు ఒకటుంది. అందులో వీరుడి పక్కన ఒక కుక్క కూడా చెక్కి ఉంది. దాని పేరు కోవివన్. యజమాని గేదెల మంద దగ్గర పడిపోతే ఆ కుక్క దొంగలను కరిచి కావలి నిలిచిందని శాసనం. కుక్కకు శాసనం వేయించిన ఆ ఊరివారికి మంద అంటే ఏమిటో మనం ఊహించవచ్చు. దొడ్డి వాకిలికి అడ్డం ఎంత గట్టిదైనా చివరికి దాన్ని కాచేది ప్రాణమున్న జీవమేనని ఆ రాయి చెబుతుంది.

9వ శతాబ్దంలో తగడూరు నొళంబుల ఏలుబడిలోకి వచ్చింది. వారి రాజధాని హేమావతి, అంటే నేటి ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోని ఊరు. ధర్మపురిలో దొరికిన మహేంద్ర నొళంబుడి శాసనం కన్నడంలో ఉంది. తమిళ కావ్యంలో పుట్టిన ఊరికి కన్నడ శాసనం, దాన్ని వేయించిన రాజుకు నేటి తెలుగు నేలలో రాజధాని. మూడు భాషలకూ మధ్య ఇక్కడ కంచె లేదన్నది ఇంత పాత సంగతి.

2. బారామహల్: పన్నెండు కోటలు, ఒక తోట

విజయనగరం తళ్ళికోట తర్వాత పెనుగొండకు తరలినాక, 16వ శతాబ్దం చివరి పాదంలో, ఆ రాజ్యాన్ని కాపాడినవారిలో జగదేవరాయడు ఒకడు. తెలుగు కుటుంబం. ఆయన సేవకు ప్రతిఫలంగా ఈ ప్రాంతం ఆయనకు సంక్రమించింది. తరువాత చెన్నపట్టణం వారి ముఖ్యస్థానమైంది. కృష్ణగిరికి దగ్గరలోని జగదేవి అనే ఊరు ఆ పేరును నేటికీ మోస్తోంది. ఈ సీమకు బారామహల్ అన్న పేరు వచ్చింది పన్నెండు కోటల వల్ల అంటారు. విజయనగర కాలంలోనూ, అంతకు ముందూ వెనకా, రాయలసీమ నుంచి, మైసూరు పీఠభూమి నుంచి సేద్యగాళ్ళు, దేవాంగులు, బలిజలు, కమ్మరులు, తోలు పని చేసేవారు ఈ దారిన దిగివచ్చారు. పాప్పిరెడ్డిపట్టి అన్న తాలూకా పేరే చూడండి. రెడ్డి మన మాట, పట్టి తమిళుల మాట. పట్టి అంటే పశువుల మందను ఉంచే చోటు, చిన్న ఊరు కూడా. తెలుగులో దొడ్డి అన్న మాటకూ ఇలాగే రెండు వైపులా వాడుక ఉంది. అది పశువుల దొడ్డి, ఇంటి పెరడు కూడా. హోసూరు, కనకపుర వైపు దొడ్డితో ముగిసే కుగ్రామాలు కనిపిస్తాయి. పశువులను కట్టిన చోటే మనుషులు నిలిచి ఊరు చేసుకున్నారన్నమాట.

బీజాపురం, మైసూరు, హైదర్, టిప్పు చేతులు మారిన ఈ సీమ 1792 మార్చిలో శ్రీరంగపట్టణం సంధి వల్ల ఈస్టిండియా కంపెనీకి దక్కింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను దీని పాలనకు నియమించారు. ఆయన సహాయకులలో ఒకరు థామస్ మన్రో. 1792 నుంచి 1799 దాకా మన్రో ఈ సీమలో పనిచేశాడు. ఎక్కువ ఇష్టపడి ఉన్నది ధర్మపురిలో. అక్కడ ఆయన తన చేతులతో ఒక తోట పెంచుకున్నాడు. 1799లో కన్నడ జిల్లాకు బదిలీ అయినప్పుడు ఇంటివారికి రాసిన ఉత్తరాలలో బారామహల్ కొండలనూ ధర్మపురి తోటనూ విడిచిపోవడం గురించి ఎంతో బాధపడ్డాడు. తరువాత 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న మన్రో తెలుగువారికి సుపరిచితుడు. 1820లో మద్రాసు గవర్నరై, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. రాయలసీమలో ఆయన కథలు ఎన్నో చెప్పుకుంటారు. ఆ కథలకు ముందు ధర్మపురిలో ఒక తోట ఉందని మన విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఈ తోట సంగతి ముచ్చట కోసం చెప్పలేదు. రీడ్, మన్రోలు ఈ సీమలో ప్రారంభించిన రైతువారీ పద్ధతి తరువాత మద్రాసు రాష్ట్రమంతా పాకింది. మధ్యలో జమీందారు లేకుండా ప్రతి పొలాన్నీ కొలిచి, ఆ పొలానికి ఇంత అని పన్ను కట్టి, రైతు పేర రాయడం దాని సారాంశం. 1796లో రీడ్ ప్రకటించిన నియమాలలో ముఖ్యమైనది, రైతు తన ఖర్చుతో బావి తవ్వి మెట్టను తోటగా మార్చుకుంటే ఆ లాభం అతడిదే అన్న మాట. ఆ మాట ఎంతవరకు నిలబడిందన్నది వేరే చరిత్ర. కాని గట్టు ఎక్కడిదాకా అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు వచ్చింది. పొలం ఊరిదిగానో పాలెగాడిదిగానో ఉన్నప్పుడు కంచె ఊరి చుట్టూ ఉండేది. పొలం ఒకడి పేర నమోదైన తర్వాత కంచె ఆ ఒక్కడి పొలం చుట్టూ వచ్చింది. ఊరి గవిని మూసే పెద్ద అడ్డగడ నుంచి చేని తడికకు వేసే తాటినార ఉచ్చు దాకా జరిగిన ప్రయాణంలో పన్ను పుస్తకానికి కూడా పాత్ర ఉందని మా అభిప్రాయం.

3. కంచె: ముల్లు, ఆకు, రాయి, తీగ

కంచె ఎలాంటిదో తెలియకుండా గేటును గురించి చెప్పలేం, గేటు తెలియకుండా గొళ్ళెం గురించి చెప్పలేం.

ఈ సీమలో పాత కంచె చాలావరకు పెరిగే కంచె. కాడజెముడు, బొమ్మజెముడు, కిత్తనార, నాగజెముడు వరుసగా నాటితే రెండు మూడేళ్ళకు మేక కూడా దూరదు. ఇందులో నాగజెముడు మన నేల మొక్క కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 18వ శతాబ్దం చివర దాని మీద పెరిగే కొచినీల్ పురుగు నుంచి ఎర్ర రంగు తీయాలని కంపెనీవారు మద్రాసు సైదాపేటలో ప్రత్యేకంగా తోట కూడా వేశారు. రంగు వ్యాపారం నిలవలేదు గాని మొక్క నిలిచింది, ఊళ్ళ చుట్టూ పొలాల చుట్టూ అల్లుకుంది. చివరకు 1926లో సింహళం నుంచి తెచ్చిన ఒక జాతి పురుగు దక్షిణాదిలో ఆ నాగజెముడును చాలావరకు తినివేసింది. బీడు భూములు బాగుపడ్డాయని సంతోషించినవారున్నారు. కంచె పోయిందని కొత్త కంచె వెతుక్కున్నవారూ ఉంటారు. ఆ తర్వాతి కాలంలో సర్కారు తుమ్మ వచ్చింది. తమిళులు దాన్ని వేలిక్కాత్తాన్ అని కూడా అంటారు, కంచెను కాచేవాడని అర్థం. కాపలాకు వచ్చినవాడే చేనంతా ఆక్రమించాడు. కంచే చేను మేయడం అనే సామెత మనకుంది, తమిళులకుంది, కన్నడిగులకుంది. మూడు భాషల్లోనూ ఒకే మాట, ఒకే బాధ.

పెరిగే కంచె లేని చోట కోసి పేర్చిన తుమ్మకంప, అల్లిన దడి ఉండేవి. ఈ గట్ల మీద రాయికి కొదవ లేదు కనుక నల్లరాతి కూసాలు కూడా వచ్చాయి. 1874లో అమెరికాలో గ్లిడ్డెన్ అనే రైతు పేటెంటు పొందిన ముళ్ళతీగ ప్రపంచమంతా తిరిగి ఇక్కడికీ వచ్చింది. రాతి కూసాల మధ్య నాలుగు వరసల ముళ్ళతీగ లాగి కట్టిన మామిడి తోట నేడు కృష్ణగిరి, ధర్మపురి రోడ్ల పక్కన సాధారణ దృశ్యం. అందులో కాసేది ఎక్కువగా తోతాపురి. తెలుగునాట దానికి కలెక్టరు మామిడి అని పేరు. తమిళులకు అది బెంగుళూరా.

గేటు కూడా కంచెను బట్టి మారింది. కంపకు కంపే గేటు. ఒక పెద్ద ముళ్ళమండను దారికి అడ్డంగా లాగితే మూసినట్టు, పక్కకు ఈడిస్తే తెరిచినట్టు. దడికి తడిక గేటు. ఒక పక్క గుంజకు తాడుతోనో తోలు వారుతోనో కట్టి, మరో పక్క ఉచ్చు వేస్తారు. ఆ తోలు వారులు, బావి కపిలకు తోలు సంచులు కోసి ఇచ్చినవారిలో తెలుగు మాట్లాడే అరుంధతీయులు చాలామంది. సేద్యపు చరిత్ర రాసేటప్పుడు వారి పేరు మరవడం తగదు. రాతి కూసాలకు వేరే పద్ధతి. రెండు కూసాలకు ఎదురెదురుగా బెజ్జాలు తొలిచి, మధ్యన రెండు మూడు వెదురు గడలు దూరుస్తారు. మనిషి ఒక గడ పక్కకు జరిపి దూరిపోతాడు. ఎద్దు జరపలేదు. దీనికి వేరే గొళ్ళెమే అక్కరలేదు, గేటే గడియ.

4. మాటల గొలుసు

ఇక్కడ భాషా విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయాలు కొన్ని ఉన్నాయి.

తెలుగులో 'వెలుగు' అంటే కాంతి ఒక్కటే కాదు. కంచె అన్న అర్థంలో మరో వెలుగు ఉంది, నిఘంటువుల్లో చూడవచ్చు. తమిళం వేలి, కన్నడం బేలి దానికి తోబుట్టువులు. కాబట్టి మా విద్యార్థి ఒకడు ఇంట్లో 'వేలి' అంటున్నామని సిగ్గుపడనక్కరలేదు. అతడు తమిళం అరువు తెచ్చుకున్నా, అరువు తెచ్చింది మన సొంత మాట చెల్లెలినే.

'కొండి' కూడా అంతే. తేలు తోకకు చివర ఉండే వంకర ముల్లు తెలుగులో కొండి. తలుపు కొక్కేన్ని తమిళంలో కొండి అంటారు. వంగిన కొన అన్న భావం రెంటిలోనూ ఉంది. 'తాప్పా' తమిళంలోని తాళ్‌ప్పాళ్‌కు నోటి రూపం. 'చిలుకు'కు కన్నడంలో చిలక అన్న మాట తోడుంది. 'గడియ' అన్న మాట విన్నప్పుడు పిల్లలకు గడియారం గుర్తుకు వస్తుంది. కాలాన్ని కొలిచే గడియ సంస్కృతంలోని ఘటిక నుంచి వచ్చింది, 24 నిమిషాలు. తలుపు గడియ వేరు. దాన్ని గడ, అంటే పొడుగాటి కర్రతో పోల్చి చూడవచ్చు. మొదటి గడియ ఏదైనా కర్రే అయివుంటుంది కదా.

సంస్కృతంలో తలుపు అడ్డగడను అర్గళం అంటారు. చండీ సప్తశతి పారాయణకు ముందు చదివే వాటిలో అర్గళ, కీలక అనే రెండు ఉన్నాయి. ఒకటి గడియ, ఒకటి చీల. అర్గళం లేనిది అనర్గళం. కాబట్టి ఒకరు అనర్గళంగా మాట్లాడారంటే గడియ తీసినట్టు మాట్లాడారని అర్థం. మన విద్యార్థులు సభల్లో ఈ మాట ఎన్నోసార్లు విని ఉంటారు. అందులో ఒక తలుపు ఉందని మాత్రం గమనించి ఉండరు.

ఇలాంటి చేతిపని మాటలను సేకరించవలసిన అవసరాన్ని మొదట గుర్తించినవారు భద్రిరాజు కృష్ణమూర్తి గారు. వారి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలు వెలువడ్డాయి. కాని ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాల వరకే. సరిహద్దుకు ఇవతల ఉన్న మన ఊళ్ళ మాటలు మన పిల్లలే పోగుచేయాలి. 1965 అక్టోబరు 2న సేలం నుంచి ధర్మపురి జిల్లా వేరైంది. 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి కృష్ణగిరి జిల్లా వేరైంది. 2006లో తమిళనాడులో వచ్చిన చట్టం ప్రకారం బడిలో తమిళం అందరికీ తప్పనిసరి అయింది. తమిళం నేర్వడం మంచిదే, ఇక్కడ బతికేవాడికి అవసరమే. కాని బడిలో తెలుగుకు చోటు తగ్గినప్పుడు ఇంటి మాటే మిగిలిన ఆధారం అవుతుంది. గొళ్ళెం అన్న మాట పోతే గొళ్ళెం పోదు, దాన్ని 'లాక్' అంటాం. పోయేది ఆ మాట వెనక ఉన్న అమ్మమ్మ.

5. పశువు చేలో పడితే

గొళ్ళెం పడని గేటు ఎంత పని చేస్తుందో పాత గ్రామ తగాదాలు చెబుతాయి. ఒకడి ఎద్దు మరొకడి చేలో పడితే పూర్వం ఊరి పెద్దలు తీర్పు చెప్పేవారు. 1871లో వచ్చిన పశువుల అతిక్రమణ చట్టం దీనికి ఒక పద్ధతి పెట్టింది. చేను మేసిన పశువును ఆ చేని రైతు పట్టుకుని 24 గంటల్లోగా బందెలదొడ్డికి తోలవచ్చు. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకోవాలి. పట్టుకున్న పశువును బలవంతంగా విడిపించుకుపోతే ఆరు నెలల దాకా శిక్ష. కరువు ఏళ్ళలో ఈ జరిమానా పేదవాడి మీద ఎంత బరువో చెప్పనక్కరలేదు. ఉన్న ఒక్క ఆవు దొడ్డిలో ఉంటే, విడిపించుకునే డబ్బు లేకపోతే, దాన్ని వేలం వేసేవారు. ఎవడో ఒకడు గడియ వేయడం మరచినందుకు మరొకడి ఆవు పోయేది. కంచె విషయంలో పొరుగువారి మధ్య మాట పెరిగేది ఇక్కడే.

6. ఏ గొళ్ళెం తగినది?

ఇక సొంత అనుభవం ఒకటి. కొన్నేళ్ళ కిందట మా పెరటి కర్ర గేటుకు అంగడిలో చూడడానికి అందంగా ఉన్న బోల్టు కొని వేయించాం. ఎండాకాలమంతా బాగా పనిచేసింది. ఐప్పసి వానలకు కర్ర ఉబ్బింది, గేటు తన బరువుకు తాను అరంగుళం కుంగింది. బోల్టు కొన బెజ్జానికి ఎదురుగా రాలేదు. రేపు చూద్దామని తాడు చుట్టి ఊరుకున్నాం. తెల్లవారేసరికి వీధి మేకలు మునగ మొక్కలనూ మిరప మడినీ నేలమట్టం చేశాయి. మొక్కలు మా ఇంట్లో పెద్దావిడ తెచ్చి నాటినవి. ఆమె ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది. బాగుచేయడానికి వచ్చిన ముసలి వడ్రంగి గేటును చూసి, "అయ్యా, బోల్టుకు గేటు లొంగి ఉండాల. గొళ్ళేనికి ఆ పని లేదు. గేటు అంగుళం కుంగినా అది వచ్చి కూర్చుంటాది" అన్నాడు. మేము పుస్తకాల్లో చదవని పాఠం అది.

ఆ పాఠాన్ని విస్తరించి చెబితే ఇలా ఉంటుంది. గొళ్ళెం కొనేముందు గేటును చూడాలి. కుంగే గేటుకు ఏ గొళ్ళెమూ నిలవదు. కర్ర గేటులో ఏటవాలు కర్రను బందుల వైపు అడుగు మూల నుంచి గొళ్ళెం వైపు పై మూలకు వేయాలి. అప్పుడు బరువు ఆ కర్ర మీదుగా కింది బందుకు దిగుతుంది. తీగతో లాగి కట్టేటప్పుడు దీనికి సరిగా ఎదురు, బందుల వైపు పై మూల నుంచి గొళ్ళెం వైపు అడుగు మూలకు. ఈ రెంటినీ తారుమారు చేసిన గేట్లు మేము చాలా చూశాం, అన్నీ నేలను రాసుకుంటున్నవే. వానకు ఉబ్బడానికి గుంజకూ గేటుకూ మధ్య వేలు దూరేంత సందు వదలాలి.

రెండవది, గేటు ఎవరిని ఆపాలి అన్నది. గేదె మెడ కింద పెట్టి ఎత్తుతుంది. చీల మీద కూర్చునే బందులైతే గేటే ఊడి వస్తుంది. పై చీలను తలకిందులుగా, కొన కిందికి ఉండేలా బిగిస్తే ఎత్తడం కుదరదు. మేక మూతితో నెడుతుంది, నాకుతుంది, ఉచ్చును పైకి తోస్తుంది. దానికి తాడు ఉచ్చు చాలదు. చీల గుచ్చే గొళ్ళెమో, కొక్కేనికి తగిలించే గొలుసో కావాలి. గొలుసుకు ఒక గుణం ఉంది, గేటు కుంగినా ఉబ్బినా మరో కడియానికి తగిలించవచ్చు. పాత ఇళ్ళలో తలుపుకు గొలుసు గొళ్ళెం అంతకాలం నిలవడానికి కారణం ఇదే కావచ్చు. రెండు రెక్కల పెద్ద గేటుకు ఒక రెక్కను నేలలోకి దిగే గడియతో కదలకుండా చేసి, రెండవ రెక్కను దానికి బిగించాలి.

మూడవది, తెరిచేవారి చేతులు. పొలం నుంచి వచ్చే ఆడమనిషి తల మీద గడ్డిమోపు, చంకలో బిడ్డ ఉంటే తెరవడానికి మిగిలేది ఒక్క చెయ్యి. రెండు చేతులూ కావాలనే గొళ్ళెం ఆమెకు పనికిరాదు. గేటును తోస్తే తానే పడే చిలుకు అలాంటి చోట మేలు. ఒక ఇనుప పట్టీ తన బరువుతో తాను గాడిలో పడుతుంది, వేలితో ఎత్తితే తెరుచుకుంటుంది, లోపలి నుంచీ బయటి నుంచీ అందుతుంది. స్ప్రింగు లేదు కనుక చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు.

నాలుగవది పిల్లలు. మన తోటల్లో దిగుడు బావులు, గట్టు లేని సేద్యపు బావులు ఇంకా ఉన్నాయి. అలాంటి తోటకు గేటు దానంతటదే మూసుకుని, దానంతటదే గడియ పడాలి. ఆస్ట్రేలియాలో ఇళ్ళలోని ఈత కొలనుల చుట్టూ కంచె తప్పనిసరి. దాని గేటు తానే మూసుకోవాలి, గడియ తీసే చోటు సాధారణంగా నేల నుంచి 1.5 మీటర్లకు తక్కువ కాకూడదని అక్కడి ప్రమాణం. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో ఇల్లు కొనే మన తెలుగువారు దీన్ని పాటించక తప్పదు. ధర్మపురిలో ఎవరూ అడగరు. అడగకపోయినా పసివాడి చేతికి అందని ఎత్తులో చిలుకు పెట్టడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు.

ఇక తాళం. రాత్రి దొంగ భయం ఉన్న చోట తాళం వేయాలి. మన రాష్ట్రంలో దిండిగల్ తాళాలకు పేరుంది, 2019లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని తాళం గొళ్ళేనికి కాపలా, గొళ్ళేనికి బదులు కాదు. గొళ్ళెం సరిగా పడని గేటుకు పెద్ద తాళం వేయడం దండగ.

గొళ్ళెం ఆపలేనివి కూడా ఉన్నాయి. హోసూరు, పాలక్కోడు అడవి అంచున ఏనుగుకు ఏ గేటూ అడ్డం కాదు. సన్నని విద్యుత్ దెబ్బ తగిలి వెనుదిరిగేలా చేసే సౌరశక్తి కంచెలు చట్టం ఒప్పినవి. వాటి గేటును పట్టుకునే పిడికి విద్యుత్తు పారని తొడుగు ఉంటుంది. కాని కొందరు నేరుగా ఇంటి కరెంటును తీగలోకి వదులుతారు. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర అలాంటి తీగ తగిలి మూడు ఆడ ఏనుగులు చనిపోయాయి. రెండు గున్నలు బతికి, చనిపోయిన వాటి పక్కనే తచ్చాడాయి. పంట పోగొట్టుకున్న రైతు బాధ మాకు తెలియనిది కాదు. కాని ప్రాణం తీసే కంచెకు తెరవడం అనేది లేదు. తెరవడానికి వీలున్నదాన్నే మన పెద్దలు గేటు అన్నారు.

7. ముగింపు

పై విషయాలను బట్టి తేలేది ఇది. గొళ్ళెం మూయడానికి మాత్రమే పుట్టలేదు. మూయడమే పని అయితే గోడ చాలును. ఒకరిని ఆపి మరొకరిని రానిచ్చేది, లోపలివారికీ బయటివారికీ చెయ్యి అందేది, నేల కుంగినా వాన కురిసినా తన చోటికి తాను వచ్చేది మంచి గొళ్ళెం. తగడూరు వాకిలి కావలివాడికి అవ్వైయార్ గుర్తుచేసింది కూడా సుమారుగా ఇదే.

ఈ సెలవుల్లో విద్యార్థులు తమ ఊళ్ళో మూడు పాత గేట్లు చూసి రావాలని కోరుతున్నాం. బొమ్మ గీయండి. ఏ కర్ర, ఏ ఇనుము, ఎవరు చేశారో అడగండి. ప్రతి భాగానికీ ఇంట్లో వాడే మాట రాసుకోండి. అది తెలుగా తమిళమా కన్నడమా అన్నది తరువాత చూద్దాం. ఆ మాటలు చెప్పగలిగే పెద్దవాళ్ళు ఇంకా వాకిట్లో కూర్చునే ఉన్నారు. మనం వెళ్ళి అడగాలి, అంతే.